కప్పు పోయాక రాస్ ద్వీపం

పోర్ట్ బ్లెయిర్ రేవుకు ఎదురుగా కనిపించే రాస్ ద్వీపం 1858 నుంచి 1941 దాకా అండమాన్ పాలనకు ముఖ్యస్థానం. చీఫ్ కమిషనర్ బంగళా, చర్చి, క్లబ్బు, బేకరీ, ముద్రణాలయం, మంచినీళ్ల యంత్రశాల అన్నీ ఆ చిన్న దిబ్బ మీదే ఉండేవి. ఇవాళ అక్కడున్నవి మొండిగోడలు, వాటిని చుట్టుకున్న మర్రిజాతి వేళ్లు. 2018లో ద్వీపానికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ పేరు పెట్టారు. ఇంతటి ఊరు ఎందుకు పాడుబడిందని అడిగితే వచ్చే జవాబు 1941 జూన్ 26 నాటి భూకంపం. ఆ జవాబులో కొంత నిజముంది. అయితే భూకంపం గోడలను చీల్చి ఊరుకుంది. ఆ ఇళ్లను నేలమట్టం చేసినవి మాత్రం ఆ తర్వాత ఎవరూ తలెత్తి కప్పు చూడని దశాబ్దాలే. ఈ తేడా తేల్చుకోవడం ముఖ్యం. భూకంపాన్ని ఆపలేం గానీ కప్పును చూసుకోవడం మన చేతిలో పనే.

ఆధారాలు చూద్దాం. 1942 మార్చి 23న జపాన్ సేనలు అండమాన్‌లో దిగి, రాస్ మీద కాపలా పెట్టాయి. వాళ్లు కట్టిన బంకర్లు ఇప్పటికీ ఉన్నాయి. 1943 డిసెంబరు చివర్లో అండమాన్ వచ్చిన నేతాజీ రాస్‌లోని చీఫ్ కమిషనర్ బంగళాలోనే బస చేశారని ద్వీపాల చరిత్ర రాసినవారు చెబుతారు. అంటే భూకంపం వచ్చిన రెండున్నరేళ్లకు కూడా ఆ బంగళా ముఖ్య అతిథిని దించదగ్గ స్థితిలోనే ఉంది. 1945లో బ్రిటిష్‌వాళ్లు తిరిగొచ్చారు గానీ రాస్‌ను మళ్లీ రాజధానిగా నిలబెట్టలేదు. 1979లో నౌకాదళం చేతికి వచ్చేదాకా దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. నడుమ గడిచినవి ముప్ఫై నాలుగేళ్లు. పోర్ట్ బ్లెయిర్‌లో ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఆ లెక్కన ఆ కప్పుల మీద మొత్తం నూరు మీటర్ల వాన కురిసింది.

ఆ వాన ఏం చేస్తుందో కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. కప్పు చెడిపోవడం కంటికి ఆనని చోట మొదలవుతుంది. రేకుకు మేకు కొట్టిన చోట ఉప్పుగాలికి ముందు జింకు పూత పోతుంది. మేకు చుట్టూ తుప్పు, తుప్పు పక్కన వెంట్రుకవాసి సందు. అందులోంచి దిగిన నీరు వెంటనే గదిలో చుక్కగా పడదు. రేకు అడుగునే జారి వాసం మీదికి, వాసం వెంబడే గోడలో కూర్చున్న దాని కొస దగ్గరికి చేరుతుంది. ఆ కొసకు గాలీ ఎండా తగలవు. మే నెలలో నైరుతి రుతుపవనాలు దేశంలో అన్నిచోట్లకన్నా ముందు ఈ ద్వీపాలనే తాకుతాయి. వాటి వెనకే ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. ఏడాదిలో ఏడెనిమిది నెలలు తడిసే చోట ఆ కొస ఆరే వ్యవధే ఉండదు. ముందు కుళ్లు, ఆ మెత్తదనం చూసుకుని చెదలు. ఇల్లు కురుస్తోందని ఇంటివాళ్లకు తెలిసే వేళకు వాసం కొస పిండైపోయి ఉంటుంది. సున్నపు గోడ తల మీద ఇంకో పని జరుగుతుంది. పక్షి రెట్టతో వచ్చిన మర్రి విత్తనం తడి సందులో మొలుస్తుంది. బెత్తెడు ఉన్నప్పుడు దాన్ని వేళ్లతో పీకేయవచ్చు. పదేళ్లు వదిలేస్తే దాని వేరు ఇటుకల వరుసలను విడదీసుకుంటూ నేలకు దిగుతుంది. రాస్‌లో ఇప్పుడు చాలాచోట్ల గోడకు ఆ వేళ్లే ఆసరా. చెట్టు కొట్టేస్తే గోడ కూలుతుంది, ఉంచితే ఇంకా చీలుతుంది. ఆలస్యం అక్కడ మరమ్మతుకే దారి లేకుండా చేసింది.

కప్పులు కురిసి పోలేదు, దోచుకుపోయారు అనేవారున్నారు. నిజమే. జపాన్‌వాళ్లు బంకర్ల కోసం ఇళ్లు విప్పారు. తర్వాత కలపా ఇనుమూ ఇటుకా ఎవరికి దొరికింది వాళ్లు పట్టుకుపోయారు. అయితే కాపలా లేని ఇంటికే ఆ గతి పట్టింది. ఈ మాట సరిచూసుకోవడానికి నీళ్లకు అవతలే సెల్యులార్ జైలు ఉంది. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ కట్టడం కూడా అదే భూకంపానికి దెబ్బతింది, అదే వానకు తడిసింది. దాని ఏడు విభాగాల్లో రెండు జపాన్ కాలంలోనూ, మరో రెండు స్వాతంత్ర్యం వచ్చాక ఆసుపత్రి కోసమూ పోయాయి. ఆ నాలుగూ మనుషులు పనిగట్టుకుని పడగొట్టినవే. మిగిలిన మూడింటి విషయంలో పాత రాజకీయ ఖైదీలు గట్టిగా నిలబడ్డారు. 1979 ఫిబ్రవరి 11న అది జాతీయ స్మారకమైంది. జనం మసలిన కట్టడం కాబట్టి, అడిగేవాళ్లున్నారు కాబట్టి, ఆ మూడూ ఈనాటికీ కప్పుతో నిలబడి ఉన్నాయి.

ఇందులో ఒక బాధాకరమైన సంగతి ఉంది. రాస్ ఇళ్లు అంతకాలం చెక్కుచెదరకుండా ఉన్నాయంటే అది దొరల శ్రద్ధ వల్ల కాదు. ఆ ద్వీపంలో అడవి కొట్టింది, గోడలు లేపింది, బాగుచేసింది శిక్షపడిన ఖైదీలు. రంపా మన్యం నుంచి వెళ్లినవాళ్లతో సహా ఎందరో మనవాళ్లు ఆ దీవుల్లో వెట్టి చేశారు. కప్పు కింద పడుకునేవాడు ఒకడు, కప్పెక్కేవాడు ఇంకొకడు. బలవంతపు శ్రమ ఆగిపోగానే ఆ సంరక్షణా ఆగిపోయింది. ఎందుకంటే అది ఇంటివాళ్ల అలవాటుగా ఏనాడూ మారలేదు.

ఇంటివాళ్ల అలవాటు ఎలా ఉంటుందో చూడాలంటే 2004 సునామీకి ముందటి కార్ నికోబార్‌ను తలచుకోవాలి. గుంజల మీద నిలిపిన గుండ్రటి గడ్డి ఇళ్లు, కింది నుంచి నిచ్చెనతో ఎక్కే దారి, కుటుంబాలన్నీ కలిసి కప్పుకునే పద్ధతి. గడ్డి ఏమీ దాచుకోదు. నల్లబడితే, జారితే, పలచబడితే కింద నిలబడ్డ పిల్లవాడికీ కనిపిస్తుంది. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డ మన మత్స్యకారులు శ్రీకాకుళం తీరం నుంచి మోసుకెళ్లిన అలవాటూ ఇలాంటిదే. వానలకు ముందు తాటాకు మార్చడం, పెంకు తిరగవేయించడం. పగిలిన పెంకు తీస్తున్నప్పుడే వాసం కూడా కంటపడేది. ఎవరూ దాన్ని తనిఖీ అనుకోలేదు, జరగవలసిన తనిఖీ మాత్రం ఏటా జరిగిపోయేది.

శ్లాబు ఆ అలవాటును మాన్పించింది. శాశ్వతమైన కప్పు అనుకున్నాక పైకెక్కే పనేముంది? కానీ అండమాన్‌లో దశాబ్దాలపాటు ఇళ్లకు వాడింది సముద్రతీరపు ఇసుక. తీరాన్ని కాపాడేందుకు ఆ తవ్వకాన్ని దశలవారీగా తగ్గించాలని 2002 మేలో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. సరిగా కడగని ఇసుకలోని ఉప్పు కాంక్రీటు లోపలి ఇనుమును తింటుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు కోరుతుంది కాబట్టి కాంక్రీటును లోపలి నుంచే పగలగొడుతుంది. సున్నం కింద సన్నటి గోధుమరంగు గీత, తట్టితే డొల్ల చప్పుడు, పిట్టగోడ మొదట్లో నెమ్ము. పెచ్చులు ఊడడానికి చాలా ముందే కనిపించే గుర్తులు ఇవి.

2004 డిసెంబరు 26న కార్ నికోబార్ ఊళ్లను సముద్రం ఊడ్చుకుపోయినప్పుడు ఏ తనిఖీ కాపాడింది అని అడగవచ్చు. ఏదీ కాపాడలేదు, కాపాడగలదనీ అనను. కానీ ఈ ద్వీపాలు అత్యంత తీవ్రమైన భూకంప మండలంలో ఉన్నాయి. 2002 సెప్టెంబరులో డిగ్లీపూర్ దగ్గర 6.5 తీవ్రతతో వచ్చినలాంటి భూకంపాలకు, లోపలి ఇనుమును తుప్పు సగం తినేసిన ఇల్లూ గట్టి ఇల్లూ ఒకేలా స్పందించవు. ఖర్చు మాటా ఉంది. సిమెంటు, రేకులు ఓడలో రావాలి, పేదవాడికి భారమే. అందుకే ముందుగా చూడమనేది. మేకు మార్చడానికి కావలసినంత సామాను వాసాలు మార్చడానికి సరిపోదు.

ప్రభుత్వ భవనాలకు వార్షిక మరమ్మతుల పద్దు ఉంది, వానలకు ముందు మిద్దె, తూములు శుభ్రం చేయాలన్న నియమమూ ఉంది. సునామీ తర్వాత గడ్డి ఇళ్ల స్థానంలో వేలాది కుటుంబాలకు కట్టి ఇచ్చిన ఇళ్లకు అలాంటి పద్దు ఇంటింటా లేదు. నికోబార్‌లో ఉమ్మడి కుటుంబాలు గడ్డి కప్పుకునే రోజుల్లో ఎలా కూడేవో, ఏప్రిల్‌లో అలాగే ఒకరి ఇంటి కప్పును మరొకరు ఎక్కి చూడవచ్చు. మొదటి పెద్దవాన పడిన మర్నాడు వాసాల కొసలను, శ్లాబు అడుగును ఇంకోసారి చూడాలి. ఎండాకాలంలో దొరకని సందులను ఆ తడి చూపిస్తుంది.