మొక్కజొన్న చేను నుంచి పెట్రోలు బంకు దాకా
(రేడియో ప్రసంగ పాఠం)



“వ్యవసాయ కన్సల్టెంటు అంటే ఏం చేస్తారండీ?” అని మన రేడియో మిత్రులు అడిగారు. పొలం ఒకరిది, డబ్బు ఇంకొకరిది, లెక్కలు మాత్రం మావి. ఫ్యాక్టరీ కడితే గిట్టుబాటవుతుందో లేదో చెప్పే రిపోర్టు రాసిచ్చి ఫీజు తీసుకుంటాం. లెక్క తప్పితే నష్టం మాది కాదు. నేను పాతికేళ్ళుగా ఈ అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాలలో ఈ పనే చేస్తున్నాను. ఆ ఆఖరి వాక్యం గురించే ఈ రోజు మాట్లాడదామనుకుంటున్నాను. దానికి ముందు కాస్త చరిత్ర చెప్పుకోవాలి.

ధాన్యం నుంచి తీసిన ఆల్కహాలుతో ఇంధన అవసరాలు తీర్చుకోవడం అమెరికాకు కొత్తేమీ కాదు. అంతర్యుద్ధానికి ముందు ఇళ్ళలో వెలిగిన దీపాలలో చాలావాటికి ఆల్కహాలు కలిపిన నూనే వాడేవారు. యుద్ధం ఖర్చుల కోసం 1862 నుంచి ఆల్కహాలు మీద పన్ను వేశారు. అది పెరిగి గ్యాలనుకు రెండు డాలర్లు దాటింది. తాగే సారాకీ, దీపంలో పోసే సారాకీ ఒకటే పన్ను. దాంతో దీపాల వ్యాపారం కిరోసిన్ చేతిలోకి పోయింది. ఇంధనానికి వాడే ఆల్కహాలు మీద ఆ పన్ను తీసెయ్యడానికి 1906 దాకా పట్టింది. అప్పటికి పెట్రోలియం కంపెనీలు వేళ్ళూనుకున్నాయి. ఈ కథలో మొదటి పాఠం ఇదే. ఈ ఇంధనం బతుకు పొలంలో కంటే చట్టసభలోనే ఎక్కువ తేలుతుంది.

రెండో అంకం 1970లలో. అరబ్ దేశాలు చమురు ఆపేశాక 1978లో అమెరికన్ కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. పదిశాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు గ్యాలనుకు నాలుగు సెంట్ల పన్ను మినహాయింపు. అంటే ఇథనాల్ గ్యాలనుకు నలభై సెంట్లన్నమాట. ఊరూరా ప్లాంట్లు లేచాయి. తర్వాత చమురు ధర జారింది. మొత్తం 163 ప్లాంట్లలో 1985 చివరికి నడుస్తున్నవి 74. అప్పుడు మూతపడిన వాటికీ మాలాంటివాళ్ళు రిపోర్టులు రాసే ఉంటారు. వాటిలో చమురు ధర పెరుగుతూనే ఉంటుందని ఉండి ఉంటుంది.

మూడో అంకంలో నేనున్నాను.

పెట్రోలు శుభ్రంగా మండడానికి కలిపే ఎం.టి.బి.ఇ. అనే రసాయనం భూగర్భ జలాల్లోకి దిగుతోందని 1990లలో బయటపడింది. కాలిఫోర్నియాలోని శాంటా మోనికా పట్టణం 1996లో తన మంచినీటి బావులు మూసుకోవలసి వచ్చింది. 2005 ఇంధన చట్టం 2012 నాటికి ఏటా 750 కోట్ల గ్యాలన్ల జీవ ఇంధనం కలపాలంది. ఎం.టి.బి.ఇ. కంపెనీలు అడిగిన చట్టపరమైన రక్షణ మాత్రం ఇవ్వలేదు. దాంతో 2006 వసంతంలో రిఫైనరీలన్నీ ఒక్కసారిగా ఇథనాల్ వైపు పరుగెత్తాయి. ఆ వేసవిలో గ్యాలను ఇథనాల్ మూడు డాలర్లు దాటింది. బుషెల్ మొక్కజొన్న మాత్రం రెండు డాలర్ల చుట్టూనే ఉంది.

బుషెల్ అంటే 56 పౌన్లు, మన లెక్కలో పాతిక కిలోల పైచిలుకు. దాని నుంచి సుమారు 2.8 గ్యాలన్ల ఇథనాల్, 17 పౌన్ల పశువుల దాణా వస్తాయి. బుషెల్ రెండు డాలర్లయితే గ్యాలనుకు పడే గింజల ఖర్చు 71 సెంట్లు. అమ్మకం మూడు డాలర్లు. ఈ లెక్క చూసి నోరూరని రైతుండడు.

ఆ ఏడాది చలికాలంలో అయోవా వాయవ్య మూలనున్న ఒక చిన్న ఊళ్ళో, స్కూలు జిమ్‌లో, మూడు నాలుగు వందలమంది రైతుల ముందు నా రిపోర్టు చదివాను. ఏటా ఐదు కోట్ల గ్యాలన్ల ప్లాంటు. పెట్టుబడిలో సగం బ్యాంకు అప్పు, సగం రైతుల వాటాలు. మొక్కజొన్న ధర మారితే లాభం ఎలా మారుతుందో చూపే పట్టిక ఒకటి వేశాను. బుషెల్ ఒకటిన్నర డాలరు దగ్గర మొదలై మూడుంపావు దగ్గర ఆగింది. ఆఖరి గడిలోనూ ప్లాంటు లాభంలోనే ఉంది.

వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. చేతిలో కాఫీ కప్పు. “మీ పట్టిక అక్కడే ఎందుకు ఆగిపోయింది?” అని అడిగాడు.

“గత పదేళ్ళ ధరలను బట్టి అంతకుమించి వెయ్యడం సమంజసం కాదండీ” అన్నాను. అబద్ధం కాదు. కానీ అసలు సంగతి వేరు. మన ప్లాంటు లాంటివి చుట్టూ పదులకొద్దీ లేస్తుంటే గింజలకు గిరాకీ పెరిగి ధర ఎక్కడికి పోతుందన్న లెక్క నేను వెయ్యనే లేదు. వేస్తే ఆఖరి గడిలో ఎర్ర అంకె వచ్చేది. ఎర్ర అంకె వస్తే ప్లాంటు రాదు. ప్లాంటు రాకపోతే తర్వాతి పని నాకు రాదు. ఆ పెద్దాయన కూర్చున్నాడు. వాటాలు కొన్నాడు కూడా.

2007 చట్టం లక్ష్యాన్ని 2022 నాటికి 3600 కోట్ల గ్యాలన్లకు పెంచింది. మొక్కజొన్న వాటా 1500 కోట్లకు మించకూడదంది. 1600 కోట్లు గడ్డి, దంట్ల నుంచి రావాలంది. ఆ దంట్ల ఇథనాల్ అప్పటికి పరిశ్రమ స్థాయిలో లేనే లేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! 2010కి పది కోట్ల గ్యాలన్లని చట్టం రాస్తే, పర్యావరణ శాఖ దాన్ని 65 లక్షలకు దించవలసి వచ్చింది.

మొక్కజొన్న మాత్రం ఆగలేదు. 2008 జూన్‌లో బుషెల్ ఏడు డాలర్లు దాటింది. గ్యాలనుకు గింజల ఖర్చే రెండున్నర డాలర్లు. ఇంకా పెరుగుతుందన్న భయంతో చాలా ప్లాంట్లు ఆ ధరకే ముందస్తు ఒప్పందాలు చేసుకున్నాయి. ఆర్నెల్లు తిరక్కుండా చమురు, మొక్కజొన్న రెండూ కుప్పకూలాయి. ఖరీదుగా కొన్న గింజలు, చవకగా అమ్మవలసిన ఇథనాల్. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దేశంలోని పెద్ద కంపెనీలలో ఒకటైన వెరాసన్ 2008 అక్టోబరు 31న దివాలా పిటిషను వేసింది. మా రైతుల ప్లాంటూ మరుసటి ఏడు చేతులు మారింది. వాళ్ళు పెట్టినదాంట్లో మూడోవంతు కూడా వెనక్కి రాలేదు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ప్లాంటు ఇప్పటికీ నడుస్తోంది. చుట్టుపక్కల రైతులకు మంచి ధర ఇస్తోంది. అమెరికా ఇప్పుడు ఏటా 1500 కోట్ల గ్యాలన్లకు పైగా ఇథనాల్ తీస్తోంది. తక్కువ అప్పుతో మొదలై, చేతిలో రొక్కం ఉంచుకున్న సహకార ప్లాంట్లు చాలావరకు నిలబడ్డాయి. ఇంధనం నిలిచింది, పరిశ్రమ నిలిచింది. నిలవనిది మొదట డబ్బు పెట్టినవాళ్ళలో కొందరు. పరిశ్రమ చరిత్ర రాసేవాళ్ళకు వాళ్ళు కనపడరు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న నిజామాబాద్ నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. ఇండియా 2022లో పెట్రోలులో పది శాతం ఇథనాల్ కలిపింది, 2025లో ఇరవైకి చేరింది. నూకలు, మొక్కజొన్నలతో నడిచే ప్లాంట్లు వస్తున్నాయి. వాడూ నలుగురు మిత్రులూ కలిసి ఒకటి పెడతారట, ఊళ్ళో వాటాలు అమ్ముతారట. “మామా, నువ్వు చేసే పనే గదా గిది. ఒక రిపోర్టు రాసియ్యి, బ్యాంకోళ్ళకు చూపిస్త” అన్నాడు.

నేను ప్లాంటు వద్దనలేదు. వద్దనడానికి నాకేం హక్కుంది? కానీ 2024లో మొక్కజొన్న ధర పెరిగి మన కోళ్ళ పరిశ్రమ ఎలా గగ్గోలు పెట్టిందో గుర్తు చేశాను. అదే ఏడాది నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ రైతులు నీళ్ళ గురించీ, కాలుష్యం గురించీ రోడ్డెక్కితే ప్లాంటు పనులు ఆపవలసి వచ్చిన సంగతి వాడికీ తెలుసు. ఇథనాల్ కొనే ధర నిర్ణయించేది ప్రభుత్వం, గింజల ధర నిర్ణయించేది వాన. ఈ రెంటి మధ్య ఇరుక్కునేది వాటాదారు.

రిపోర్టు రాసిచ్చాను, ఫీజు లేకుండా. అందులో పట్టిక ఉంది. ఈసారి ప్లాంటు మూతపడే ధర దాకా వేశాను, ఆ గడి ఎర్రగానే ఉంచాను. వాటాలు అమ్మేముందు ఊరివాళ్ళకు మొదట ఆ పేజీ చదివి వినిపించమన్నాను. మావాడు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. “గిట్ల రాస్తే ఎవరు కొంటరు మామా?” అన్నాడు.

చదివాక కూడా కొనేవాళ్ళుంటే, వాళ్ళ డబ్బుతోనే మొదలుపెట్టమన్నాను. ఆ జిమ్‌లో కాఫీ కప్పు పట్టుకుని నిలబడ్డ పెద్దాయనకు నేను ఇవ్వవలసిన జవాబు అది. ఇరవై ఏళ్ళు ఆలస్యంగా, ఇంకో ఊరికి ఇచ్చాను.