ఇంద్రజాల్ కామిక్స్: పాత సంచికల సేకరణ

భారతదేశంలో పాత కామిక్స్ సేకర్తలు ప్రధానంగా అన్వేషించే మాలికల్లో ఇంద్రజాల్ కామిక్స్ ఒకటి. బెనెట్ కోల్‌మన్ సంస్థ 1964 మార్చిలో ప్రారంభించిన ఈ మాలిక 1990లో నిలిచిపోయింది. తొలి 32 సంచికలూ ఫాంటమ్ కథలే. అనంతరం మాండ్రేక్, ఫ్లాష్ గార్డన్ చేరారు. ఆబిద్ సుర్తీ సృష్టించిన బహదూర్ 1976లో ప్రవేశించాడు.

సేకర్తలు నాటి భారతీయ ముద్రణకే పట్టుబట్టడానికి బలమైన కారణం ఉంది. ఫాంటమ్ నివసించే దేశం పేరు బెంగాల్‌ను స్ఫురింపజేస్తుందని దానిని ‘డెంకాలి’గా మార్చారు. ‘సింగ్’ సముద్రపు దొంగలు ‘సింగా’లయ్యారు. పుటల పరిమితికి లోబడి కథలను కుదించి, కొన్ని బొమ్మలను తొలగించారు. కాబట్టి అదే కథకు విదేశీ పునర్ముద్రణ దొరికినా అది ఈ సంచికకు ప్రత్యామ్నాయం కాదు. ఎక్కడ ఏ బొమ్మ పోయిందో అభిమానులు ప్రతులను పక్కపక్కన ఉంచి పోల్చుకుంటేనే తేలుతుంది. వారి వాదోపవాదాలను కేవలం కాలక్షేపంగా కొట్టివేయలేము. బి. గోవింద్ చిత్రించిన ముఖచిత్రాలపై చర్చ మాత్రం అభిరుచికి సంబంధించినది, అది తెగదు.

1967లో అనంత్ పై ఆరంభించిన అమర్ చిత్ర కథ పరిస్థితి వేరు. అది నేటికీ పునర్ముద్రణ పొందుతున్నందున, అక్కడ తొలి ముద్రణను గుర్తించడమే అసలు పరీక్ష.

బైండు చేయించిన సంపుటాల్లో అంచులు కోసివేయడం వల్ల విలువ తగ్గుతుంది. చిరిగిన పుటకు సెలోటేపు అతికించడం అంతకంటే హానికరం. కాలక్రమంలో దాని జిగురు పసుపుపచ్చగా మారి కాగితంలోకి ఇంకుతుంది.