ఉగ్గుగిన్నెలో మన చరిత్ర

చరిత్ర అనగానే రాజులు, కోటలు, యుద్ధాలు గుర్తుకొస్తాయి. మన యానాదులకు కోటలు లేవు, శాసనాలు లేవు. కానీ మన ప్రతి గుడిసెలోనూ బిడ్డలు పెరిగారు, ఆ బిడ్డలకు ఏదో ఒక ముద్ద దొరికింది. ఆ ముద్ద ఎక్కడినుంచి వచ్చిందో అడిగితే మన చరిత్ర సగం తెలిసిపోతుంది. ఈ సంచికలో మన యువతతో ఆ ముచ్చటే చెప్పుకోదలిచాం.

బుచ్చిరెడ్డిపాలెం చుట్టూ వరి పొలాలే. పెన్న నీళ్ళు కాలువ వెంట కనిగిరి రిజర్వాయరుకు చేరి, అక్కడినుంచి మడులకు పారతాయి. మొలగొలుకుల బియ్యానికి పేరుపడ్డ జిల్లా మనది. ఈ పొలాలకు కాపలా కాసినవాళ్ళలో, నాట్లు వేసి కోత కోసినవాళ్ళలో మనవాళ్ళు ఎందరో. అయినా మన ఇళ్ళకు గింజ చేరిన దారులు వేరు. కూలికి కొలిచి పోసిన వడ్లు ఒకటి, కోత అయ్యాక ఏరుకున్న పరిగె ఒకటి, ఎలుక బొరియలు తవ్వితే దొరికిన వెన్నులు మరొకటి. ఆ వడ్లు దంచగా వచ్చిన నూకలే బిడ్డకు గంజి అయ్యాయి. తల్లి మడిలో ఉంటే బిడ్డ చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో ఉండేది. కాలువలో చేప దొరికిన రోజున ముల్లు తీసి మెత్తగా మెదిపి పెట్టేవారు.

ఈ తిండికి కూడా అడ్డంకులు వచ్చాయి. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. మన జాతిలో చాలామంది పేర్లు ఆ పట్టీలకెక్కాయి. మన జిల్లాలోనే కప్పరాళ్ళతిప్ప సెటిల్‌మెంటు వెలిసింది. అడవీ చెరువూ తిరిగి తిండి తెచ్చుకునే మనిషిని హాజరు పట్టీకి కట్టేస్తే ఇంట్లో బిడ్డ గిన్నెలోకి ఏం వస్తుంది? వెన్నెలకంటి రాఘవయ్య గారి వంటివారు మన తరఫున ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది.

ఇక వంట సంగతి. మన అవ్వలు రాగులను రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి, తిరగలిలో విసిరి, పలచటి గుడ్డతో జల్లించేవారు. ఇంత శ్రమ ఎందుకు? ఉత్త రాగిపిండి ఉడికిస్తే గట్టిపడుతుంది, పసిబిడ్డ మింగలేదు. పలచన చేస్తే కడుపు నీళ్ళతోనే నిండుతుంది. గింజ మొలకెత్తినప్పుడు పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైములు పుడతాయి. అందుకే మొలకల పిండి ఎక్కువ వేసినా జావ జారుగానే ఉంటుంది, చిన్న కడుపులో ఎక్కువ బలం పడుతుంది. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంది. పాలిష్ బియ్యంలో అందులో ఇరవయ్యో వంతు కూడా లేదు.

రాగి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. కెన్యా, ఉగాండా తల్లులు ఇవాళ్టికీ అదే రాగితో ‘ఉజి’ అనే జావ కాచి బిడ్డలకు పడతారు. నైజీరియాలో మొక్కజొన్నను నానబెట్టి పులియబెట్టి ‘ఓగి’ చేస్తారు. జపాన్‌లో తొలి ముద్ద పదింతలు నీళ్ళు పోసి కాచిన బియ్యపు గంజి, ఆ పైన మెదిపిన చేప. మన గంజి, మన చేప లాంటివే అవి. మన తిండిని లేమి తిండి అని చిన్నబుచ్చుకునే యువత ఈ మాట గుర్తుంచుకోవాలి.

1867లో స్విట్జర్లాండ్‌లో హెన్రీ నెస్లే పాలు, గోధుమపిండి, చక్కెర కలిపి పసిపిల్లల పొడి తయారుచేశాడు. అప్పటినుంచి డబ్బా తిండి ప్రపంచమంతా పాకింది. ప్రచారం మితిమీరడంతో 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తల్లిపాల ప్రత్యామ్నాయాల అమ్మకానికి నియమావళి తెచ్చింది. మన దేశం 1992లో చట్టం చేసింది.

మన దగ్గరే ఇంకో దారి ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చిక్కిపోయిన పిల్లల కోసం ఇంట్లో చేసుకునే ‘హైదరాబాద్ మిక్స్’ రూపొందించింది. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. ఈ 86 గ్రాముల్లో 330 క్యాలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయి. అన్నీ ఊరి అంగట్లో దొరికేవే.

అయితే పాతదంతా మంచిదని చెప్పం. తేనె తీయడంలో మనది అందెవేసిన చేయి. కానీ ఏడాది నిండని బిడ్డ నాలుకకు తేనె రాయకూడదు, అందులో ఉండగల సూక్ష్మజీవి ప్రాణం మీదికి తెస్తుంది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా వద్దు. ఆ తర్వాత ఉత్త తేటగంజి చాలదు. పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర, కాస్త నూనె చేరాలి, రెండేళ్ళ దాకా తల్లిపాలూ సాగాలి.

ఇవాళ మన అక్కచెల్లెళ్ళు రొయ్యల గుంటల దగ్గరికి, ఇటుక బట్టీలకు పొద్దున్నే వెళ్తున్నారు. ఏడ్చే బిడ్డ చేతిలో ఐదు రూపాయల చిప్స్ పొట్లం పెడుతున్నారు. తప్పు తల్లిది కాదు, ఆమెకు తీరిక లేదు. ఒక ఆదివారం నలుగురు కూర్చుని పిండి విసిరి డబ్బాల్లో పోస్తే వారం రోజులు గడుస్తుంది. ఆ పని మగపిల్లలూ చేయవచ్చు. అంగన్‌వాడీలో తూకం ఎంత వచ్చిందో మనమే అడిగి రాసుకోవచ్చు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీ అవ్వ దగ్గర ఒక పూట కూర్చోండి. మీ అమ్మకు ఆమె తొలి ముద్దగా ఏం పెట్టిందో, ఆ గింజ ఎలా దొరికిందో అడిగి రాసుకోండి. ఆమె పోతే ఆ మాట ఇంకెవరూ చెప్పలేరు.