స్వాతి నుంచి అనూరాధ దాకా: మన తీరపు గాలివానలు

 

చిత్త కార్తె ప్రవేశించింది మొదలు అనూరాధ వెళ్ళేదాకా కోస్తా రైతుకు కంటినిండా నిద్ర ఉండదు. సార్వా వరి ఈనటం, పాలుపోసుకోవటం, గింజ గట్టిపడటం, కోతకు రావటం అన్నీ ఈ యాభై రోజుల పైచిలుకులోనే జరగాలి. బంగాళాఖాతంలో పెద్ద గాలివానలు లేచేదీ ఈ రోజుల్లోనే. చేను పండే కాలమూ, సముద్రం పొంగే కాలమూ ఒక్కటి కావటం మన తీరానికి తప్పని చిక్కు.

పంచాంగం పక్కన పెట్టుకొని పాత తేదీలు ఒకసారి చూడండి. కోరంగి రేవును ముంచిన గాలివాన 1839 నవంబరు 25న వచ్చినది. అది అనూరాధ. బందరు ఉప్పెన 1864 నవంబరు 1. అది స్వాతి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19, అంటే విశాఖ వెళ్ళి అనూరాధ వచ్చే సంధి. కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసినది 1996 నవంబరు 6, స్వాతీ విశాఖల సంధి. విశాఖపట్నం మీద పడిన హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, ఉద్దానం మీద పడిన తిత్లీ 2018 అక్టోబరు 11, రెండూ చిత్తలోనే. మే నెలలో తుఫానులు రావా అంటే వస్తాయి. 1969లో మేలో ఒకటి, నవంబరులో ఒకటి, రెండూ ఆంధ్ర తీరాన్నే కొట్టినవి. 1990 మే నెలలో కృష్ణ ముఖద్వారం దగ్గర పడినది కూడా చిన్నది కాదు. కాని మేలో పొలం ఖాళీ. నవంబరులో నిండు చేను.

నడివానకాలంలో, అంటే ఆషాఢ శ్రావణాల్లో, ఇంత పెద్దవి ఎందుకు రావంటారా? అప్పుడు కింది గాలి పడమటి నుంచి, బాగా ఎత్తున వీచే గాలి తూర్పు నుంచి బలంగా కొడుతుంటవి. సుడి నిలువుగా ఎదగటానికి వీలుండదు. తల ఒకవైపు, మొండెం ఒకవైపు అయిపోతుంది. రుతుపవనం వెనుదిరిగే రోజుల్లో పై గాలీ కింది గాలీ నెమ్మదిస్తవి. సముద్రపు నీరు మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఆ వెచ్చని నీటి ఆవిరే దానికి మేత.

ఇక కథకు వద్దాము. కోరంగి ఇవాళ కాకినాడ పక్కన మడ అడవుల పేరుగానే చాలామందికి తెలుసు. ఒకప్పుడు అది ఓడలు కట్టే రేవు. 1789 డిసెంబరులో ఒకసారి, 1839లో మరొకసారి సముద్రం దానిని ముంచింది. రెండవసారి మూడు లక్షలమంది పోయినారని పుస్తకాలలో ఒక లెక్క తిరుగుతున్నది. నేను దానిని నమ్మను. ఆనాటి కోరంగి చుట్టుపక్కల అంత జనం ఉండటమే కష్టం. లెక్క ఏదైనా, రేవు మాత్రం మళ్ళీ పాత వైభవానికి రాలేదు. కలకత్తాలో ఉండిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఇటువంటి గాలివానలలో చిక్కి బయటపడిన ఓడల దినచర్య పుస్తకాలు పోగుచేసి, ఏ గంటకు ఏ దిక్కు గాలి వీచిందో పటం మీద గుర్తులు పెట్టుకుంటూ పోయినాడు. గాలి తిన్నగా రాదనీ, పాము చుట్ట చుట్టుకున్నట్టు తిరుగుతూ వస్తుందనీ వివరించి, 1848లో అచ్చయిన గ్రంథంలో దానికి ‘సైక్లోన్’ అని పేరు పెట్టినాడు. మనవాళ్ళు సుడిగాలి అనేవారు, భావం అదే.

1864 సంగతి వేరు. కృష్ణ ఆనకట్ట పూర్తయి అప్పటికి తొమ్మిదేళ్ళు. కాలువ నీరు డెల్టా పల్లెలకు చేరుతున్న రోజులు. దీపావళి అమావాస్య దాటి రెండు రోజులైనది. అమావాస్య పోటు ఇంకా తగ్గలేదు. ఆ రాత్రి గాలివాన బందరు మీద పడినది. మామూలు పోటు మట్టానికి పదమూడు అడుగుల పైకి సముద్రం లేచినదని జిల్లా చరిత్రలు చెపుతున్నవి. ముప్పైవేల ప్రాణాలు పోయినవన్నది ఆ నాటి అంచనా. పడుకున్నవారు పడుకున్నట్టే పోయినారు. ముందుగా చెప్పే నాథుడు ఎవడూ లేడు. దాదాపు నెల ముందు, అక్టోబరు 5న, కలకత్తా మీద ఇంకొక తుఫాను పడి ఉన్నది. ఆ దెబ్బకు మరుసటి ఏడు కలకత్తా రేవులో తుఫాను హెచ్చరికలు మొదలైనవి. కరవులు కూడా తోడై 1875లో దేశానికంతటికీ వాతావరణ శాఖ ఏర్పడినది. శాఖ పుట్టుక చెప్పేటప్పుడు కలకత్తా పేరే వినిపిస్తుంది. బందరు పేరు ఎవరూ ఎత్తరు. మనమైనా ఎత్తాలి గదా!

ఇక్కడ ఒక సంగతి నిదానంగా విప్పి చెప్పవలసి ఉన్నది. తుఫాను తీరం దాటేటప్పుడు అన్ని ఊళ్ళకూ ఒకే రకం కీడు జరగదు. మన సుడి గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. అది ఆగ్నేయం నుంచి వాయవ్యానికి నడుస్తూ వస్తే, దాని దారికి కుడిపక్కన, అంటే ఈశాన్యపు వైపున ఉన్న ఊళ్ళకు గాలి సముద్రం మీద నుంచి లోపలికి కొడుతుంది. నీటిని తోసుకువచ్చేది ఆ గాలే. ఎడమపక్క ఊళ్ళకు గాలి నేల మీద నుంచి సముద్రంలోకి పోతుంది. అక్కడ ఇళ్ళ కప్పులు లేచిపోవచ్చు గాని సముద్రం వెనక్కే పోతుంది. 1977లో సుడి నడుమ చీరాల, నిజాంపట్నం తీరంలో నేల ఎక్కింది. దానికి కుడిపక్కన ఉన్నది దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల మీదికి అయిదు మీటర్ల ఎత్తున నీరు రావటానికి కారణం అదే. ఆ రోజు అమావాస్యా కాదు, పున్నమీ కాదు. అష్టమీ నవముల నాళ్ళు, పోటు సన్నగా ఉండే రోజులు. “ఇవాళ పోటు లేదు, ఏమీ కాదులే” అనుకోవటానికి వీలులేదని ఆ ఒక్క రాత్రి చెప్పింది.

మీరున్నది ఏ పక్కో ఇంటి దగ్గరే తెలుసుకోవచ్చు. గాలికి ఎదురుగా నిలబడి కుడిచేయి చాచండి. ఆ చేతివైపున, కాస్త వెనుకగా సుడి నడుమ ఉంటుంది. గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు, తూర్పు నుంచి ఆగ్నేయానికి మళ్ళుతున్నదంటే మీరు కుడిపక్కన ఉన్నారు. సముద్రం దగ్గరి ఊరైతే ఇది చెడ్డ గుర్తు. ఈశాన్యం నుంచి ఉత్తరానికి, అక్కడి నుంచి వాయవ్యానికి మళ్ళితే ఎడమపక్క. ఎటూ మళ్ళకుండా ఈశాన్యపు గాలే అంతకంతకూ ముదిరి, ఉన్నట్టుండి ఆగిపోయి, చుక్కలు కూడా కనపడినవంటే సుడి నడుమ మీ నెత్తిన ఉన్నదన్నమాట. అది తెరిపి కాదు. దొడ్లో పశువును విప్పుదామని, పక్కింటి ముసలమ్మను చూసివద్దామని బయలుదేరకండి. అరగంటో గంటో గడిచిన తరువాత నైరుతి నుంచి అంతకంత గాలి మళ్ళీ కొడుతుంది. అయితే ఒక్కమాట. ఈ గుర్తులన్నీ తుఫాను మీదకు వచ్చిన తరువాత పనికివచ్చేవి. ఊరు ఖాళీ చేయమని చెప్పినప్పుడు గాలి దిక్కు చూస్తూ కూర్చోకూడదు.

1977లో హెచ్చరిక అసలు లేదనటం తప్పు. విశాఖపట్నంలో తుఫానులను కనిపెట్టే రాడారు 1970 నుంచే ఉన్నది. రేడియోలోనూ చెప్పినారు. కాని విన్న మాటకు జనం కదిలే ఏర్పాటు లేదు, కదిలినా తలదాచుకునే గట్టి కట్టడం లేదు. ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేలమంది పోయినారు. ఆ తరువాతనే తీరం వెంట తుఫాను ఆశ్రయ భవనాలు పెద్దఎత్తున లేచినవి. సరుగుడు తోటలు, మడ అడవుల విలువ ప్రభుత్వానికి తెలిసివచ్చింది. 1990 నాటికి లక్షలమందిని ముందుగా తరలించగలిగినారు; చనిపోయినవారి లెక్క వెయ్యి లోపుకు దిగింది. 1996లో మళ్ళీ వెయ్యి దాటింది. 2014లో నగరం మీదే పడిన హుద్‌హుద్‌లో వంద లోపే. ఇప్పుడు ఉపగ్రహం పైనుంచి చూస్తున్నది, 2004 నుంచి ప్రతి తుఫానుకూ ఒక పేరు పెడుతున్నారు. హుద్‌హుద్ ఒక పిట్ట పేరు, తిత్లీ అంటే సీతాకోకచిలుక. కూలిన జీడిమామిడి తోట గట్టున నిలబడిన రైతుకు ఆ పేరు ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోండి.

ప్రాణనష్టం ఇట్లా తగ్గుతూ వచ్చింది. పంటనష్టం తగ్గలేదు. చేనును లారీ ఎక్కించి తరలించలేము గదా! పైగా పంటను తినేది ఒక్క గాలి రాత్రే కాదు, దాని వెనుక వచ్చే వారం రోజుల వాతావరణం. 2012లో నీలం తుఫాను అక్టోబరు 31న తమిళదేశంలో మహాబలిపురం దగ్గర నేల ఎక్కింది. మనకు తప్పిందనుకున్నాము. దాని మిగులు మబ్బు మెల్లగా మన మీదికి జరిగి రోజుల తరబడి కురిసి, గోదావరి జిల్లాల దాకా వరిని నీట ముంచింది. గాలి లేదు, ఉప్పెన లేదు, పేరు కూడా పోయింది. పంట మాత్రం పోయింది. మరుసటి ఏడు, 2013లో, ఫైలిన్ ఒడిశాకు పోయిందని ఊపిరి పీల్చుకున్న పది రోజులకే మరొక అల్పపీడనం కోస్తాను ముంచింది. నవంబరులో హెలెన్ బందరు దగ్గరే పడినది.

నెల్లూరు వైపు రైతులకు ఇది తలకిందులుగా ఉంటుంది. తుఫాను ఉత్తరానికి పోతే ఈశాన్య రుతుపవనపు తేమనంతా తనతో లాగుకొనిపోతుంది. పడమటి పొడిగాలి తిరిగి, వాన కోసం చూసే చెరువులు కొన్నాళ్ళు అట్లాగే చూస్తుంటవి. ఒకచోట నీరు తీయలేక, ఒకచోట నీరు లేక. కారణం ఒక్క తుఫానే.

తుఫాను వెళ్ళిన తరువాత తరచుగా ఆకాశం అద్దంలా అవుతుంది. పగలు ఎండ చురుక్కుమంటుంది, రాత్రి చలి, తెల్లవారి పొగమంచు. చూడటానికి బాగుంటుంది గాని, పడిపోయిన చేనుకు ఇదే గడ్డుకాలం. కింద తడి, పైన వేడి తగిలి గింజ కంకిలోనే మొలకెత్తుతుంది. గాలికి చిట్లిన ఆకుల గాయాల్లో నుంచి ఆకు ఎండు తెగులు దూరుతుంది. అందుచేత ముందు మురుగు బోదె తెరవండి. నీరు తీసిన తరువాత నాలుగైదు దుబ్బులు కలిపి లేవనెత్తి కట్టండి. గింజ గట్టిపడిన చేనైతే, లేక పనల మీద ఉన్న పైరైతే, లీటరు నీటికి యాభై గ్రాముల ఉప్పు కలిపి కంకులు తడిసేటట్లు చల్లండి; ఎకరానికి రెండు వందల లీటర్లు పడుతుంది. మొలక ఆగుతుంది. ఉప్పునీటికి భయపడి పరుగెత్తినవాడే ఉప్పునీరు చల్లటం వింతగా ఉన్నా, పని చేస్తుంది. గింజ ఇంకా పాలమీద ఉన్నప్పుడు మాత్రం ఈ పని చేయవద్దు. నత్రజని ఎరువు కూడా అప్పుడే వేయవద్దు, తెగులుకు మేత అవుతుంది.

ఉప్పెన నీరు ఎక్కిన పొలం సంగతి వేరు. ఆ నీరు అక్కడే ఇంకి ఎండటానికి వదిలితే ఉప్పంతా పైకి వచ్చి తెల్లగా పూస్తుంది. సముద్రం ఆటులో ఉన్న వేళ గట్టు తెగగొట్టి నీరు బయటికి తీయాలి. తీసిన తరువాత కాలువ నీరో వాన నీరో నిలవగట్టి, దమ్ము చేసి, మళ్ళీ వదలాలి. రెండు మూడు సార్లు ఇట్లా కడిగితే నేల దారికి వస్తుంది. జిప్సం అందరికీ అక్కరలేదు. మట్టి పరీక్ష చేయించి, చౌడు ఉన్నదని తేలితేనే వేయండి. తరువాతి తొలకరిలో జీలుగ చల్లి కలియదున్నితే మేలు; అది ఉప్పును ఓర్చే మొక్క.

కొబ్బరి తోటలో తొందరపడకండి. వంగిన చెట్టంతా పోయిన చెట్టు కాదు. మొవ్వు మెలిపడిందో లేదో చెట్టెక్కి చూసి, బాగుంటే నూటికొక పాలు బోర్డో మిశ్రమం మొవ్వులో పోయించి ఆరు నెలలు ఆగండి. 1996 తరువాత కోనసీమలో వేసిన మొక్కలు కాపుకు రావటానికి ఏళ్ళు పట్టింది. ఆ నడిమి ఏళ్ళలో ఇంటి ఖర్చు ఎట్లా గడిచిందో ఆ రైతుల్ని అడగాలి.

విస్తరణ మిత్రులకు ఒక మనవి. నష్టం వ్రాసుకోవటానికి ఊరికి పోయినప్పుడు పక్కనే ఇంకో రెండు సంగతులు కూడా వ్రాసుకోండి: గాలి ఏ గంటకు ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు మళ్ళింది, నీరు ఎక్కడిదాకా వచ్చింది. పిడింగ్టన్ ఓడల పుస్తకాల్లో వెతుక్కున్నది అదే. రైతులు కూడా, గోడ మీద నీటి గుర్తు ఉంటే సున్నంతో కప్పివేయకుండా, పక్కన తేదీ వేయించి ఉంచండి. పై ఏడు ఆ పక్క స్థలంలో ఇల్లు కట్టేవాడు అరుగు ఎంత ఎత్తు లేపాలో దానిని చూసుకుంటాడు.