కోట కారింది.. మరి పక్క ఊళ్లో గడ్డి కప్పు పబ్బు?

ఢిల్లీలో హైదరాబాద్ హౌస్ తెలుసు కదా? నిజాం కోసం కట్టిన ప్యాలెస్. డిజైన్ చేసింది ఎడ్విన్ లుట్యెన్స్. అదే లుట్యెన్స్ ఇంగ్లండ్‌లోని డెవాన్‌లో జూలియస్ డ్రూ అనే కోటీశ్వరుడికి క్యాసిల్ డ్రోగో అని ఒక రాతి కోట కట్టాడు. 1911లో మొదలుపెడితే 1930కి పూర్తయింది. పైన చదును కప్పు. అసలే వానలెక్కువ ప్రాంతం. కోట మొదటి నుంచీ కారుతూనే ఉండేది! ఈమధ్య రిపేర్లకి కోటి పౌండ్లకు పైనే అయింది.

ఆ కోట నుంచి నడిచి వెళ్లేంత దూరంలో డ్రూస్టెయిన్‌టన్ అనే ఊరుంది. అక్కడ చర్చి పక్కనే గడ్డి కప్పుతో ఒక పాత పబ్బు, పేరు డ్రూ ఆర్మ్స్. ఇలాంటి కట్టడాలకి పేరున్న ఆర్కిటెక్ట్ ఎవరూ ఉండరు. ఊరి పనివాళ్లే కట్టుకున్నారు. మరి వందల ఏళ్లు ఎలా నిలబడ్డాయి?

మొదటి సీక్రెట్ వాలు. గడ్డి కప్పు కనీసం 45 డిగ్రీల వాలులో ఉండాలి. అప్పుడు నీళ్లు ఒక పరక మీంచి ఇంకో పరక మీదకి జారిపోతాయి, పైపొర మాత్రమే తడుస్తుంది. చూరు బాగా ముందుకి ఉంటుంది కాబట్టి నీళ్లు గోడకి దూరంగా పడతాయి. ఇది చాలా ముఖ్యం. ఎందుకంటే డెవాన్‌లో చాలా పాత ఇళ్ల గోడలు మట్టివే. మట్టిలో గడ్డి కలిపి, తొక్కి, వరస మీద వరస పెట్టి ఆరనిచ్చేవాళ్లు. కింద రాతి పునాది, పైన మంచి చూరు ఉంటే ఆ గోడకి ఢోకా లేదు. తడి లోపలికి దిగిందా, కూలిపోతుంది.

రెండోది నాకు బాగా నచ్చింది. కప్పు పాడైతే మొత్తం పీకరు. పాడైన పైపొర తీసేసి కొత్త గడ్డి కప్పుతారు, అడుగు పొర అలాగే ఉంటుంది. మేం పాత కోడ్‌ని కదపకుండా పైన కొత్త వెర్షన్ వేసినట్టే! అందుకే డెవాన్‌లో కొన్ని ఇళ్ల కప్పుల అడుగున మధ్యయుగాల గడ్డి ఇప్పటికీ ఉంది, మసి పట్టి నల్లగా. అప్పట్లో ఇంటికి పొగగొట్టం లేదు. నడి ఇంట్లో నిప్పు రాజేస్తే పొగ కప్పులోంచే బయటికి పోయేది. 16, 17 శతాబ్దాల్లో పొగగొట్టాలు వచ్చాక అటక అంతస్తులు వేసుకున్నారు. ఆ నల్ల గడ్డిని చూసి అప్పుడు ఏ రకం గోధుమ పండించారో కూడా చెప్పగలుగుతున్నారు.

ఇక లోపలికి వెళ్దాం. పబ్బు అనగానే మనకి పెద్ద కౌంటరు గుర్తొస్తుంది. డ్రూ ఆర్మ్స్‌లో అది లేదు! పీపాలున్న గదిలోంచి ఒక చిన్న కిటికీ గుండా బీరు అందించేవాళ్లు. అంటే అది పబ్బుగా మారిన ఇల్లు కాదు, ఇల్లుగానే ఉండిపోయిన పబ్బు. 1830లో వచ్చిన చట్టంతో రెండు గినీలు కడితే మామూలు గృహస్థు కూడా ఇంట్లో బీరు అమ్ముకోవచ్చు. అలా ఇంగ్లండ్ ఊళ్లలో ఎన్నో ఇళ్ల ముందుగదులే పబ్బులయ్యాయి.

ఇక్కడ మేబుల్ మడ్జ్ అనే ఆవిడ 1919 నుంచి 1994 దాకా పబ్బు నడిపారు. 75 ఏళ్లు! దిగిపోయేనాటికి వయసు 99. ఆవిడ ఏదీ మోడ్రన్‌గా మార్చలేదు, అందుకే ఆ గదులు మిగిలాయి. ఆవిడ వెళ్లాక పబ్బు పోతుందేమోనని ఊరంతా కదిలింది.

నాకర్థమైంది ఇదీ: గడ్డి ఏమీ శాశ్వతం కాదు. పాతికేళ్లకోసారి పైపొర మార్చాల్సిందే. కొప్పు అయితే ఇంకా ముందే. కానీ పాడయ్యేది ఏదో, దాన్ని ఎలా మార్చాలో కట్టేటప్పుడే తెలుసు. చేసే మనిషి కూడా ఊళ్లోనే ఉండేవాడు. ఇప్పుడు అదే సమస్య. కప్పడానికి పొడుగు గోధుమ గడ్డి కావాలి, ఇప్పటి పొట్టి రకాలు పనికిరావు. ఆ పాత రకాలు పండించే రైతు, కప్పే పనివాడు ఉన్నంతకాలమే ఈ పబ్బులుంటాయి. గోడ మీద రక్షిత కట్టడం అని బోర్డు పెడితే వాన ఆగదు కదా!