ధారావాహికలలో ఫలాగమము

ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అని దశరూపకకారుడు నాటకకథకు ఐదవస్థలు చెప్పెను. టెలివిజన్ ధారావాహికలకు ఈ లక్షణ మెంతవరకు పట్టునో పరిశీలింతము.

హాంకాంగున 1967లో నెలకొనిన టీవీబీ సంస్థ 1980లో, షాంఘై తీరమను నర్థముగల పేరుతో, ప్రసారముచేసిన కాంటనీస్ కథ 25 భాగములలో నాయకమరణముతో ముగిసినది. ఫలము విషాదమే యైనను కథ గమ్యము చేరెను. మన భాషలో మంజులానాయుడు గారి దర్శకత్వమున జెమిని టీవీలో మొదలైన చక్రవాకము (2003), మొగలిరేకులు (2008) వేయికి మించిన భాగములుగా సాగినవి. దైనందిన కథ ప్రతిదినము నొక యాశను రేపి నిలుపవలసినదగుటచే ప్రాప్త్యాశయందే తిరుగాడుచుండును. ఇది రచయితల లోపము గాదు, ప్రసారపద్ధతి పెట్టిన కొలత.

ముగింపు తెలిసినచో ప్రేక్షకుడు లేచిపోవునను భయము మాత్రము నిరాధారము. నవీపేటకు చేరువనున్న బోధను ప్రాంతమున అమ్దాపూరు గ్రామవాసిని చిందుల ఎల్లమ్మ గారు (2005లో దివంగతులైరి) పురుషవేషములు సైతము ధరించి చిందు భాగవతము లాడిరి. సారంగధరుని కాలుసేతులు నరుకబడుననియు, మరల వచ్చుననియు జనులు ముందే యెఱుగుదురు. ఎఱిగియే, ఆ యడుగును, ఆ పాటను చూడ వినగోరి తెల్లవారుదాక కూర్చుండెడివారు.