గద్వాల చీర - బ్రేక్ ఈవెన్ లెక్క

మనకి బ్రేక్ ఈవెన్ అంటే ఎక్సెల్ షీట్లో ఒక గడి. అదే లెక్క గద్వాల మగ్గం దగ్గర వేస్తే కాస్త చరిత్ర అర్థమవుతుంది.

గద్వాల చీరకి ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండిటినీ కుప్పడం పద్ధతిలో ముడివేస్తూ నెయ్యాలి కాబట్టి మగ్గానికి ఇద్దరు మనుషులు కావాలి. సంస్థానం రోజుల్లో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ నేతని ప్రోత్సహించారు. 1948లో హైదరాబాద్ భారత్‌లో కలిసింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఇప్పుడు చాలామందికి పట్టు, జరీ ఇచ్చి చీరకింత అని కూలి కట్టేది మాస్టర్ వీవరే.

మరి సొంతంగా నేసి అమ్ముకోవచ్చు కదా? నేనూ అదే అనుకున్నా. సరే, ఊహకి కొన్ని అంకెలు వేద్దాం. మగ్గం, జకార్డ్ కలిపి 50,000. చీర అమ్మితే 7,000, సరుకు 5,000, మిగులు 2,000. అంటే 25 చీరలకి బ్రేక్ ఈవెన్. వారానికొకటి నేస్తే ఆరు నెలలు. భలే!

కానీ ఇద్దరి కూలి మర్చిపోయాం. రోజుకి 400 చొప్పున ఆరు రోజులకి 4,800. ఇప్పుడు చీరకి 2,800 నష్టం. ఎన్ని నేసినా బ్రేక్ ఈవెన్ రాదు. ఇంట్లోవాళ్ళ కష్టాన్ని సున్నా అనుకుంటేనే ఆ లెక్క తేలుతుంది!

భౌగోళిక గుర్తింపు చీర పేరుని కాపాడుతుంది, కూలిని కాదు. ఈసారి గద్వాల చీర బేరమాడేముందు ఆ రెండో మనిషిని కూడా లెక్కలో వేసుకుందాం. ఏమంటారు?